అమ్మమ్మకి పరలోకంలో ‘చిన్న ఇల్లు’ అన్నారు. విశ్వాసికి తీర్పు ఉందా? బహుమానంలో ఎక్కువ తక్కువలు ఉంటాయా?

వన్‌టౌన్_పిల్ల | సోమవారం, రాత్రి 9:42

అందరికీ వందనాలు. కోపంలో రాస్తున్నాను, మాట తూలితే సర్దుకోండి.

మా అమ్మమ్మ పోయిన నెల ప్రభువునందు నిద్రించింది. 81 ఏళ్లు. వైజాగ్ వన్‌టౌన్‌లో పుట్టి వన్‌టౌన్‌లోనే పోయింది. చదువు లేదు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకునేది గానీ పాట ఒక్క పొల్లు పోయేది కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చర్చిలో ఆవిడ చేసింది ఒకటే పని. శనివారం కుళాయి వచ్చే వేళకి రెండు బిందెలు పట్టుకుని వెళ్లి, వరండాలో కుండ కడిగి, నీళ్లు నింపి మూత పెట్టి వచ్చేది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ తాగేది ఆ నీళ్లే. తర్వాత వాటర్ క్యాన్లు వచ్చాయి. ఆవిడ మాత్రం కుండ మానలేదు.

నిన్న జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. వాక్యం చెప్పడానికి వచ్చిన అయ్యగారు (ఎవరు, ఏ సంఘం అని అడగకండి, చెప్పను) మొదటి కొరింథీ 3వ అధ్యాయం తీశారు. బంగారం, వెండి, వెలగల రాళ్లతో కట్టినవాళ్లు కొందరు, కర్ర, గడ్డి, కొయ్యకాలుతో కట్టినవాళ్లు కొందరు, ఎవరి పని ఎలాంటిదో ఆ రోజున అగ్ని పరీక్షిస్తుంది అన్నారు. అక్కడి నుంచి కొత్త మందిరం శ్లాబు మీదికి వెళ్లి, ఎవరెన్ని సిమెంటు బస్తాలు ఇచ్చారో పేర్లతో సహా చదివారు. వాళ్లకి పైన భవనాలట. “ఈ అమ్మ కూడా వెళ్లింది, కాదనను. కాకపోతే చిన్న ఇల్లు” అన్నారు. నవ్వుతూనే అన్నారు. మా అమ్మ తల దించుకుంది.

కృప చేతనే రక్షణ అని సండే స్కూల్లో కంఠతా పట్టించారు కదా, మళ్లీ విశ్వాసికి తీర్పేమిటి? అక్కడ కూడా డబ్బున్నవాళ్ల ఎమ్‌వీపీ కాలనీ ఒకటి, మా సందు ఒకటి ఉంటాయా?

పెందుర్తి_బ్రదర్ | సోమవారం, రాత్రి 10:15

సిస్టర్ గారూ, ప్రభువు మీ కుటుంబాన్ని ఆదరించును గాక.

తీర్పులు రెండు. ప్రకటన 20లో ఉన్నది ధవళమైన మహా సింహాసనం. జీవగ్రంథంలో పేరు లేనివాళ్లు అగ్నిగుండంలో పడేది అక్కడ. విశ్వాసి ఆ తీర్పులోకి రాడని యోహాను 5:24 చెబుతోంది. రోమా 8:1 కూడా చూడండి. విశ్వాసి నిలబడేది క్రీస్తు న్యాయపీఠం ఎదుట, రెండో కొరింథీ 5:10. అది శిక్ష కోసం కాదు, బహుమానం కోసం. గ్రీకులో దాని పేరు బేమా. ఆటల పోటీల్లో గెలిచినవాళ్లని ఎక్కించి కిరీటం పెట్టే మెట్టు అది. ఒలింపిక్స్‌లో మెడల్ వేస్తారే, అలాంటిది.

కిరీటాలు ఐదు. ఆశలను అదుపులో పెట్టుకున్నవాళ్లకి అక్షయ కిరీటం, ఆత్మలను సంపాదించినవాళ్లకి అతిశయ కిరీటం, ఆయన రాక కోసం ఎదురుచూసినవాళ్లకి నీతి కిరీటం, శోధన సహించినవాళ్లకి జీవకిరీటం, మందను కాసిన పెద్దలకి వాడబారని మహిమ కిరీటం. కాబట్టి తేడాలు ఉన్నాయి. కానీ ఇంటి సైజు గురించి బైబిల్లో ఎక్కడా లేదు. అది ఆ అయ్యగారి సొంత మాట.

భీమిలి_మాస్టారు | సోమవారం, రాత్రి 11:30

బ్రదర్ చెప్పినదాంట్లో ఒక చిన్న దిద్దుబాటు. రిటైరైన టీచర్ని, ఎర్ర ఇంకు అలవాటు పోలేదు.

బేమా అంటే మెడల్ ఇచ్చే మెట్టు అని మన ఉజ్జీవ సభల్లో తెగ చెబుతారు. వినడానికి బాగుంటుంది. కొత్త నిబంధనలో మాత్రం ఆ మాట ఎక్కువగా కోర్టు గురించి వస్తుంది. పిలాతు యేసుని విచారించినప్పుడు కూర్చున్నది దాని మీదే (మత్తయి 27:19). పౌలుని కొరింథులో యూదులు ఈడ్చుకెళ్లి నిలబెట్టింది గల్లియోను న్యాయపీఠం ముందు (అపొ. కార్యములు 18). ఈ గల్లియోను కొరింథు ఉన్న అకయ రాష్ట్రానికి అధిపతిగా ఉన్నది క్రీ.శ. 51-52 ప్రాంతంలో. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనం వల్ల అది తెలిసింది. కొరింథు శిథిలాల్లో ఆ రాతి వేదిక ఈనాటికీ ఉంది. పౌలు ‘క్రీస్తు న్యాయపీఠం’ అని ఉత్తరం రాసింది ఆ ఊరివాళ్లకే. చదవగానే వాళ్ల కళ్ల ముందు మెదిలేది ఊరి నడిబొడ్డున ఉన్న కోర్టు, మెడల్ కాదు.

కిరీటం మాత్రం ఆటల నుంచి వచ్చిందే. రాజులు పెట్టుకునేదాన్ని గ్రీకులో దియాదేమ అంటారు, గెలిచినవాడికి వేసే ఆకుల దండని స్తెఫనోస్ అంటారు. పౌలు వాడింది స్తెఫనోస్. కొరింథు పక్కనే ఇస్త్మియా పోటీలు జరిగేవి. అక్కడిచ్చేది దేవదారు జాతి ఆకుల దండ, కొన్నాళ్లు ఎండిన ఆకుకూర దండ కూడా ఇచ్చారు. ‘క్షయమగు కిరీటం’ అంటే అదే, సాయంత్రానికి వాడిపోయేది. ఈ రెండు బొమ్మల్నీ కలిపేసి మనవాళ్లు తీర్పుని సన్మాన సభ చేశారు. న్యాయపీఠం మాట ఉన్న రెండో కొరింథీ 5:10లోనే, చేసినవి ‘మంచివైనను సరే చెడ్డవైనను సరే’ వాటికి తగ్గ ఫలం అని ఉంది కదా, దాన్ని ఏం చేస్తాం?

మధురవాడ_కుర్రాడు | సోమవారం, రాత్రి 11:52

మాస్టారూ, అయితే నా పాపాలన్నీ అందరి ముందూ స్క్రీన్ మీద వేస్తారా? వీబీఎస్‌లో (సెలవుల బైబిల్ స్కూల్లో) ఒక అన్న అలాగే చెప్పాడు. పెద్ద థియేటరంట, ముందు వరసలో మా అమ్మ కూర్చుంటుందంట. అప్పుడు నాకు పదకొండేళ్లు. వారం రోజులు నిద్ర పట్టలేదు 😐

పెందుర్తి_బ్రదర్ | మంగళవారం, ఉదయం 6:20

తమ్ముడూ, వాళ్ల పాపాలను ఇక జ్ఞాపకం చేసుకోనని హెబ్రీ 8లోనూ 10లోనూ దేవుడే అంటున్నాడు. ఆయన మర్చిపోతానన్నదాన్ని మళ్లీ స్క్రీన్ మీద ఎవరు వేస్తారు?

మాస్టారి ప్రశ్నకి: ‘చెడ్డవి’ అన్నచోట నష్టపోవడం అని మా బోధ. బహుమానం పోతుంది, రక్షణ పోదు.

భీమిలి_మాస్టారు | మంగళవారం, ఉదయం 6:55

ఆ మాటకి నేనూ ఒప్పుకుంటాను. మొదటి కొరింథీ 4:5 కూడా చదువుకో బాబూ. అంధకారంలో దాగిన రహస్యాలు వెలుగులోకి వస్తాయనే ఉంది, నిజమే. కానీ వాక్యం ఎక్కడ ఆగింది? అప్పుడు ప్రతివాడికీ దేవుని వల్ల మెప్పు కలుగుతుంది అన్నచోట. సిగ్గు అనలేదు, మెప్పు అన్నాడు. ఆ అన్న సగం చదివి థియేటర్ కట్టేశాడు.

కొండమీద_మరియమ్మ | మంగళవారం, ఉదయం 10:05

నేను కథోలికురాలిని. పెళ్లయిన కొత్తలో రాస్‌హిల్ కొండ మెట్లు రోజూ ఎక్కేదాన్ని, ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోక డిసెంబరు పండక్కి మాత్రమే. మా వైపు మాట కూడా వినండి.

మాకు కూడా తీర్పులు రెండే, లెక్క వేరు. మనిషి చనిపోయిన క్షణంలోనే వ్యక్తిగత తీర్పు. లోకాంతంలో అందరికీ కలిపి తుది తీర్పు. శుద్ధులైనవాళ్లు తుది తీర్పు దాకా ఆగకుండా దేవుణ్ని ముఖాముఖి చూస్తారని 12వ బెనెడిక్ట్ పోపుగారు 1336లో ఖాయం చేశారు. రక్షణ పొందినా ఇంకా శుద్ధి కావలసినవాళ్లకి ఉత్తరించు స్థలం. నవంబరు 2న సమాధుల పండగనాడు మేం కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థించేది వాళ్ల కోసమే. మొదటి కొరింథీ 3:15లో ‘అగ్నిలోనుండి తప్పించుకొన్నట్టు’ రక్షింపబడతాడు అన్న మాటని మా పెద్దలు చాలామంది ఇలాగే చదివారు.

పుణ్యఫలం అంటే మేం స్వర్గాన్ని కొనుక్కుంటామని మీవాళ్లు అనుకుంటారు. పూర్వపు సంఘ పెద్ద అగస్తీను గారు ఎప్పుడో చెప్పారు, దేవుడు మన పుణ్యాలకి కిరీటం పెట్టినప్పుడు తానిచ్చిన వరాలకే కిరీటం పెడుతున్నాడని. 1547లో మా కథోలిక పెద్దల ట్రెంట్ మహాసభ కూడా ఇదే ధోరణిలో మాట్లాడింది. బిందె ఆయనది, నీళ్లు ఆయనవి. మోసినందుకు కూలి కూడా ఆయనే ఇస్తున్నాడు.

పెందుర్తి_బ్రదర్ | మంగళవారం, ఉదయం 10:30

మరియమ్మ గారూ, ఉత్తరించు స్థలం అనేది బైబిల్లో లేదు. సిలువ మీద దొంగతో యేసు ‘నేడు’ నాతో పరదైసులో ఉంటావు అన్నాడు కదా. ఆ శుద్ధి ఏదో క్రీస్తు రక్తం చేసేసింది.

మోడరేటర్ | మంగళవారం, ఉదయం 10:41

ఉత్తరించు స్థలం మీద పాత థ్రెడ్డు ఉంది, 214 పోస్టుల తర్వాత తాళం వేశాను. ఇక్కడ మళ్లీ తెరవకండి. అమ్మాయి అడిగినదానికి రండి.

ఉక్కునగరం_రిటైర్డ్ | మంగళవారం, మధ్యాహ్నం 3:10

పరీక్షించే అగ్ని గురించి నాకు నాలుగు ముక్కలు తెలుసు. 28 ఏళ్లు బ్లాస్ట్ ఫర్నెస్ దగ్గర చేశాను.

ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి పైనుంచి వేస్తాం. కింద కరిగినది 1400 డిగ్రీలు దాటి ఉంటుంది. మట్టీ మశానం సున్నంతో కలిసి స్లాగ్ అవుతుంది. అది తేలిక కాబట్టి పైన తేలుతుంది, బరువైన లోహం కిందికి దిగుతుంది. బయట కుప్ప పోసి ఉన్నప్పుడు ఏది లోహమో ఏది చెత్తో ఎవడూ చెప్పలేడు. మంటే చెబుతుంది. పౌలు చెప్పిందీ అదేనని నా అభిప్రాయం. బయటికి పెద్దగా కనపడేది కాదు, కరిగాక మిగిలేదే లెక్క.

ఇంకో మాట. ఆ స్లాగ్‌నే నీళ్లతో చల్లార్చి రవ్వగా చేసి సిమెంటు ఫ్యాక్టరీలకి అమ్ముతారు. కాబట్టి ఆ అయ్యగారు లెక్కపెట్టిన బస్తాల్లో మేం పక్కకి తీసేసినది కూడా కొంత ఉండొచ్చు 😄

మధురవాడ_కుర్రాడు | మంగళవారం, మధ్యాహ్నం 3:14

అంకుల్ 🙏🙏 ఇది స్టేటస్ పెట్టుకుంటా

భీమిలి_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 5:40

ఉక్కునగరం గారి పోలిక బాగుంది గానీ నేను మళ్లీ ఎర్ర ఇంకు తీస్తున్నాను. మీ ఫర్నెస్‌లో మంట శుద్ధి చేస్తుంది. పౌలు మంట శుద్ధి చేయదు, పరీక్షిస్తుంది. గడ్డి కాలి బంగారం అవదు, పోతుంది అంతే. హుద్‌హుద్ వచ్చిన ఆదివారం గుర్తుందా, 2014 అక్టోబరు 12? గాలి ఏ ఇంటినీ బాగుచేయలేదు. పునాది ఎవరిది గట్టిదో, రేకులు ఎవరు సరిగా బిగించలేదో చూపించి పోయింది. ఇది దానికి దగ్గర.

(కొయ్యకాలు అంటే ఏమిటని మా స్కూల్లో ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. కర్రకాలు కాదు, వరి కోశాక మడిలో మిగిలే మోడు.)

అసలు సంగతి ఇంకోటి ఉంది, ఉదయం నుంచి చెప్పాలనుకుంటున్నాను. ఆ అధ్యాయం 10వ వచనం నుంచి కాకుండా 4వ వచనం నుంచి చదవండి. నేను పౌలువాణ్ని అని ఒకడు, నేను అపొల్లోవాణ్ని అని ఒకడు కొట్టుకుంటున్నారు. దానికి జవాబు చెబుతూ నేను నాటాను, అపొల్లో నీళ్లు పోశాడు, నేను పునాది వేశాను, వేరొకడు దాని మీద కడుతున్నాడు అంటాడు. కట్టేవాడు ఎవడు? బోధకుడు. కట్టడం ఏది? కొరింథు సంఘం. ‘మీరు దేవుని గృహమై యున్నారు’ అని 9వ వచనంలో విడమరిచి చెప్పాడు కూడా. ప్రతివాడు ఎలా కడుతున్నాడో జాగ్రత్తగా చూసుకోవాలి అన్నది ముందుగా అయ్యగార్లకి. విశ్వాసులందరికీ వర్తింపజేయవచ్చు, తప్పు లేదు, కానీ వరసలో ముందు నిలబడేది మైకు పట్టుకున్నవాడే. మీ అమ్మమ్మ మీద విసిరిన రాయి నిజానికి ఆయన గుమ్మంలోనే పడింది.

వన్‌టౌన్_పిల్ల | మంగళవారం, సాయంత్రం 6:02

మాస్టారూ. ఇప్పుడే అమ్మకి 4 నుంచి 15 దాకా చదివి వినిపించాను. ఏమీ అనలేదు. బైబిలు తీసుకుని కళ్లజోడు పెట్టుకుని మళ్లీ తనే చదువుకుంటోంది.

కోశాధికారి_గాజువాక | మంగళవారం, రాత్రి 8:25

అందరూ ఆ అయ్యగారి మీద పడ్డారు కాబట్టి ఒక మాట. కన్నీళ్లు ఆరని కుటుంబం ముందు ఆయన అలా అనడం తప్పే. కానీ శ్లాబు వేయాలంటే డబ్బు కావాలి. మా చర్చిలో మూడు వర్షాకాలాలు బల్లల మీద బకెట్లు పెట్టుకుని ఆరాధన చేశాం. పేర్లు చదివితే ఇస్తారు, చదవకపోతే ఇవ్వరు. ఇది పదేళ్లు లెక్కలు రాసినవాడి అనుభవం. నిర్గమకాండంలో గుడారానికి ఇవ్వలేదా జనం? ఇచ్చినదానికి దేవుడు ప్రతిఫలం ఇవ్వడా?

కొండమీద_మరియమ్మ | మంగళవారం, రాత్రి 9:10

ఇస్తాడు నాయనా, ఎవరు కాదన్నారు. పేదరాలు వేసిన రెండు కాసులనీ ఆయనే లెక్కపెట్టాడు, సంచులకొద్దీ వేసినవాళ్లనీ చూశాడు. ఎవరు ఎక్కువ వేశారన్నాడో తెలుసు కదా.

భీమిలి_మాస్టారు | మంగళవారం, రాత్రి 9:35

కోశాధికారి గారి బాధ నాకు తెలుసు, నేనూ ఆ పుస్తకం మోశాను. బల్లల మీద బకెట్లు నిజం. అయినా మత్తయి 6 ఒకటి అడ్డం వస్తుంది. మనుషుల మెప్పు కోసం బూర ఊదించుకుని ధర్మం చేసేవాళ్లు ‘తమ ఫలము పొంది యున్నారు’ అంటాడు యేసు. అక్కడి గ్రీకు మాట ఆ రోజుల్లో రసీదుల మీద రాసేదే. ‘పూర్తిగా ముట్టింది’ అని. పేర్లు చదివించుకున్నవాళ్లకి చేతిలో రసీదు పడిపోయినట్టే. అయ్యగారు వాళ్లకి మేలు చేశాననుకుని ఖాతా మూసేశారేమో అని నా భయం.

సింహాచలం_వాసి | బుధవారం, ఉదయం 7:30

నేను క్రైస్తవుణ్ని కాను, నా భార్య స్నేహితురాలు ఈ లింకు పంపితే చదువుతున్నా. అడగొచ్చో లేదో. మాకు చిత్రగుప్తుడి చిట్టా ఉంది, పాపం పుణ్యం లెక్క. పుణ్యం ఉన్నంతకాలం స్వర్గం, అయిపోయాక మళ్లీ భూమ్మీదికే అని గీత 9వ అధ్యాయంలో ఉంది. మీరు చెబుతున్నది అదేనా, పేర్లు వేరా?

పెందుర్తి_బ్రదర్ | బుధవారం, ఉదయం 8:05

తప్పకుండా అడగండి సార్. రెండు తేడాలు. మాకు ఇక్కడ పుట్టుక ఒక్కసారే, ఆ తర్వాత తీర్పు (హెబ్రీ 9:27). ఇచ్చింది ఖర్చయిపోదు, తిరిగి రావడం ఉండదు. రెండోది, మా చిట్టా లోపలికి రానివ్వాలా వద్దా అని తేల్చేది కాదు. లోపలికి తీసుకెళ్లేది క్రీస్తు చేసిన పని. చిట్టా తెరిచేది లోపలికి వచ్చాక.

భీమిలి_మాస్టారు | బుధవారం, ఉదయం 8:20

చిన్న చేర్పు సార్. మత్తయి 25లో గొర్రెలు, మేకలు అని ఇంకో బొమ్మ ఉంది. అక్కడ ఆకలైనవాడికి అన్నం పెట్టావా, దాహమైనవాడికి నీళ్లిచ్చావా అనే అడుగుతాడు. బ్రదర్ చెప్పినంత సాఫీగా అది ఇమడదు. ఆ తీర్పు ఎవరికి, ఎప్పుడు అని మాలో మాకే తగువు. విచిత్రం ఏమిటంటే, కుడి వైపు వాళ్లు ‘మేమెప్పుడు చేశాం ప్రభువా?’ అంటారు. వాళ్ల దగ్గర చిట్టా లేదు.

మధురవాడ_కుర్రాడు | బుధవారం, ఉదయం 8:50

మరి మత్తయి 20లో ద్రాక్షతోట ఉపమానం? పొద్దున్నుంచి ఎండలో చేసినవాడికీ, సాయంత్రం ఐదింటికి వచ్చినవాడికీ ఒకే దేనారం, అంటే ఒకే కూలి. అందరికీ సమానం అనేగా? లూకా 19లో మాత్రం దాసుల్లో ఒకడికి పది పట్టణాలు, ఒకడికి ఐదు. ఏది నిజం? నాకు దేనారమే బాగుంది, నేను ఐదింటికి వచ్చే రకం.

కొండమీద_మరియమ్మ | బుధవారం, ఉదయం 11:15

మా పునీతురాలు చిన్న తెరేజమ్మకి పిల్లప్పుడు ఇదే సందేహం వచ్చింది. పరలోకంలో అందరికీ సమానంగా మహిమ ఇవ్వకపోతే తక్కువ వచ్చినవాళ్లు ఏడవరా అని. వాళ్లక్క పౌలీను, నాన్న తాగే పెద్ద గ్లాసునీ తెరేజమ్మ కుట్టుపనికి వేలికి పెట్టుకునే తొడుగునీ పక్కపక్కన పెట్టి రెండింటినీ నీళ్లతో నింపింది. ఏది ఎక్కువ నిండింది చెప్పు అంది. రెండూ నిండాయి, ఇంక చుక్క పట్టదు. తొడుగుకి గ్లాసు మీద ఏడుపెందుకు?

పెందుర్తి_బ్రదర్ | బుధవారం, మధ్యాహ్నం 12:40

అమెరికాలో 18వ శతాబ్దపు బోధకుడు జోనాథన్ ఎడ్వర్డ్స్ కూడా దాదాపు ఇదే అన్నాడు. ఆనంద సముద్రంలో వేసిన చిన్నా పెద్దా పాత్రలు, అన్నీ నిండినవే. ఆర్‌కే బీచ్‌లో చెంబు ముంచినా బిందె ముంచినా సముద్రానికి ఏం తరుగు? మరియమ్మ గారితో నేను ఏకీభవించడం ఈ వేదికలో ఇదే మొదటిసారి, మోడరేటర్ గారు రాసి పెట్టుకోవాలి.

కిరీటాలు వచ్చినా మన దగ్గర ఉంచుకోం అనుకుంటా. ప్రకటన 4లో 24 మంది పెద్దలు వాటిని తీసి సింహాసనం ముందు వేసేస్తారు.

అక్కయ్యపాలెం_సబ్బాతు | బుధవారం, మధ్యాహ్నం 1:30

మా అడ్వెంటిస్టుల నమ్మకం కూడా చెప్పి పోతాను. మీరంతా ‘నిద్రించింది’ అని రాస్తున్నారు, మేం దాన్ని అక్షరాలా నమ్ముతాం. పునరుత్థానం దాకా నిద్రే. 1844 నుంచి పరలోకంలో పరిశోధక తీర్పు, అంటే విశ్వాసుల లెక్కల పరిశీలన, నడుస్తోంది. బహుమానం ఆయన వచ్చినప్పుడు. వాదన పెట్టుకోను, చెప్పానంతే.

భీమిలి_మాస్టారు | బుధవారం, సాయంత్రం 4:45

సైజుల గొడవ పక్కన పెట్టి మన ఊరి సంగతి ఒకటి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రైస్తవుడైన ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు పక్కన కూర్చుని సాయం చేశాడు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ పోయారు. వాళ్ల సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయి వచ్చింది 1812లో. అచ్చు కాగితం ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. మనం ఇవాళ తెలుగులో వచనాలు ఎత్తి కొట్టుకుంటున్నామంటే అది వాళ్లు మొదలుపెట్టిన పని.

ఏ పని ఎంతదో చేసినవాడికే తెలియదు. తీర్పు ఆ రోజుదాకా ఎందుకు ఆగుతుందో నాకు ఇలాంటివి చదివినప్పుడు కొంచెం అర్థమవుతుంది. పని ఇంకా అయిపోలేదు.

ఉక్కునగరం_రిటైర్డ్ | బుధవారం, సాయంత్రం 6:30

అమ్మా వన్‌టౌన్ అమ్మాయీ, పాత పోస్టాఫీసు వైపు ఒక చర్చి వరండాలో నేను కుండ నీళ్లు తాగిన గుర్తు. స్నేహితుడి పెళ్లికి వెళ్లాను, మే నెల, ఉక్కపోత. గొలుసుతో కట్టిన ఎర్ర ప్లాస్టిక్ గ్లాసు. అదేనా?

వన్‌టౌన్_పిల్ల | బుధవారం, రాత్రి 7:15

కాదంకుల్, మాది స్టీలు గ్లాసు, కొబ్బరితాడు. ఇంకెవరి అమ్మమ్మో అయ్యుంటుంది.

కోశాధికారి_గాజువాక | బుధవారం, రాత్రి 8:00

మత్తయి 10:42 ఎవరూ ఎత్తలేదేంటి? మూడు రోజుల నుంచి బిందెలు, చెంబులు, గ్లాసులు అంటున్నారు. శిష్యుడని ఈ చిన్నవారిలో ఒకడికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడు తన ఫలం పోగొట్టుకోడు అని ఉంది కదా. సిమెంటు గురించి అలాంటి వచనం నేను చాలా వెతికాను, దొరకలేదు.

వన్‌టౌన్_పిల్ల | శుక్రవారం, రాత్రి 9:20

అందరికీ చాలా థాంక్సండి. ఉత్తరించు స్థలం థ్రెడ్డు కూడా చదివేశాను, తాళం వేసి మంచి పని చేశారు.

సమాధి రాయి మీద ఏం చెక్కించాలో ఇన్నాళ్లూ తేలలేదు. పేరూ తేదీలూ చాలని మావయ్య అన్నాడు. నిన్న కోశాధికారి గారి పోస్టు అమ్మకి చూపించాక ‘గిన్నెడు చన్నీళ్లు’ అని రెండే మాటలు పెట్టమంది. వచనం నంబరు కూడా వద్దంది. రాయి చెక్కే అతనికి ఫోన్ చేశాం. అక్షరానికి ఇంత అని రేటు చెప్పాడు. మళ్లీ ఫోన్ చేసి, ‘చన్నీళ్లు’ ఏంటి, ‘చల్లనీళ్లు’ కదా, తప్పు చెక్కితే నన్నంటారు అన్నాడు. బైబిల్లో అలాగే ఉంది, అలాగే చెక్కమన్నాను. న కింద ఒత్తుకీ ళ కింద ఒత్తుకీ విడిగా వేస్తావా అని అడిగితే, ఒత్తులకి డబ్బులు తీసుకోనన్నాడు.